వంజంగి, అరకు డిసెంబర్ ట్రిప్: పొగమంచు ఫొటోలు బూడిద రంగులో రాకుండా ఏం చేయాలి?

కొత్త_లెన్స్:

అందరికీ నమస్కారం. డిసెంబర్ మూడో వారంలో నలుగురం విశాఖ నుంచి బయల్దేరుతున్నాం. రాత్రి పాడేరులో ఉండి తెల్లారేసరికి వంజంగి మేఘాల కొండ మీద ఉండాలి. మర్నాడు అరకు, కటికి జలపాతం, బొర్రా గుహలు. తిరుగు ప్రయాణం పెద్ద అద్దాలుండే విస్టాడోమ్ రైలు పెట్టెలో.

నా దగ్గరున్నది కెనాన్ 1500డి, దాంతో వచ్చిన 18-55 ఐఎస్ 2 లెన్స్, 58 మి.మీ. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఒకటి, సన్నకాళ్ల చవక ట్రైపాడ్ ఒకటి. మిగతా ముగ్గురివీ ఫోన్లే.

లంబసింగిలో ఇదే కెమెరాతో తీసిన ఫొటోలు చూస్తుంటే మూడు సమస్యలు కనిపిస్తున్నాయి. కంటికి తెల్లగా మెరిసిన పొగమంచు ఫొటోలో మురికి బూడిద రంగులో ఉంది. సూర్యుడు ఉన్న ఫ్రేముల్లో ఆకాశం తెల్లగా కాలిపోయి, కొండలు నల్ల ముద్దలయ్యాయి. ట్రైపాడ్ మీద పెట్టి తీసినవి కూడా పెద్దది చేసి చూస్తే మసకగా ఉన్నాయి. కొత్తగా పెద్ద ఖర్చేమీ పెట్టలేను. ఫిల్టరో, చిన్న సామానో అయితే కొనగలను. ఎక్కడ ఏ సెట్టింగ్ పెట్టాలో, ఎందుకో కాస్త వివరంగా చెప్పండి.

---

తెల్లారి_వెలుగు:

మొదటి సమస్య కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌ది. ఎదురుగా ఏమున్నా సరే, సగటున మధ్యస్థ బూడిద రంగు వచ్చేలా కెమెరా వెలుగును లెక్కేస్తుంది. ఫ్రేమంతా తెల్లటి మంచే అయినప్పుడు ‘వెలుగు ఎక్కువైంది’ అనుకుని తగ్గించేస్తుంది. అందుకే మురికి రంగు. ఏవీ మోడ్‌లో (లెన్స్ రంధ్రం ఎంతో మనం చెబితే షటర్ వేగం కెమెరా చూసుకునేది) ఉండి, వెనక ఉన్న ఏవీ ప్లస్-మైనస్ బటన్ నొక్కి పట్టుకుని డయల్ తిప్పి +1 దగ్గర (ఒక స్టాపు ఎక్కువ, అంటే వెలుగు రెట్టింపు) పెట్టండి. ఫ్రేములో మంచు సగమే ఉండి మిగతాది చెట్లూ కొండలూ అయితే +0.7 చాలు. ఫ్రేమంతా మంచే అయితే +1.3 దాకా పోవచ్చు.

ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా చూపే గ్రాఫ్) చూడండి. దిబ్బ కుడివైపుకి జరగాలి, కుడి గోడకు మాత్రం అంటుకోకూడదు. తెర వెలుగును నమ్మొద్దు. చీకట్లో ఆ చిన్న తెర కళ్లకు చాలా ప్రకాశంగా కనిపిస్తుంది, తక్కువ వెలుగుతో తీసిన ఫొటో కూడా బ్రహ్మాండంగా వచ్చినట్టే ఉంటుంది. తెర బ్రైట్‌నెస్ ముందే తగ్గించి పెట్టుకుంటే సగం మోసం తప్పుతుంది.

సూర్యుడు ఫ్రేములోకి వచ్చాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు ప్లస్ కాదు, మైనస్. ప్లేబ్యాక్‌లో కాలిపోయిన భాగాలు నల్లగా మిణుకుమంటాయి చూడండి, అది సూర్యబింబం, దాని చుట్టూ కొద్ది మేర మాత్రమే మిణుకుమనేదాకా -1 వైపు తగ్గించుకుంటూ రండి. కాలిపోయిన ఆకాశాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నల్లబడ్డ కొండని కొంత తేవచ్చు. కొంతే, ఎందుకంటే ఈ సెన్సర్‌లో నీడల్ని రెండు స్టాపులకు మించి లేపితే రంగు రంగుల గరుకు బయటపడుతుంది. కాబట్టి ఏఈబీ (ఒకే దృశ్యాన్ని మామూలు, తక్కువ, ఎక్కువ వెలుగుతో మూడు ఫొటోలుగా తీయడం) వాడండి. మెనూలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్/ఏఈబీ తెరిచి డయల్‌తో గీతల్ని రెండు స్టాపులకు విడదీసి, 2 సెకన్ల టైమర్ పెడితే ఒక్క నొక్కుడుకి మూడూ వరసగా తీసేస్తుంది. పవర్ స్విచ్ ఆపితే ఏఈబీ రద్దవుతుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు చూసుకోవాలి.

రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉంచే ఫైల్) తప్పనిసరి. పొగమంచులో వెలుగు తేడాలు చాలా సన్నగా ఉంటాయి. జేపెగ్‌లో తీసి కాంట్రాస్ట్ పెంచితే మెత్తగా కలిసిపోవాల్సిన చోట మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంచకండి. తెల్లవారుజామున ఉండే నీలాన్నీ, తర్వాత వచ్చే నారింజ రంగునీ తప్పులనుకుని ‘సరిచేసేస్తుంది’. ఈ మోడల్‌లో కెల్విన్ అంకె పెట్టే వీలు లేదు కాబట్టి డేలైట్ గుర్తు మీద ఉంచేయండి. రా ఫైల్ కాబట్టి తర్వాత మార్చుకోవచ్చు, కానీ అక్కడికక్కడ రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తే ఏం తీయాలో నిర్ణయించుకోవడం సులువవుతుంది.

---

గట్టి_ముక్కాలు:

మూడో సమస్యకి, అంటే మసకకి, ఒకటి కాదు నాలుగు కారణాలు ఉండొచ్చు. ఒక్కోటి కొట్టేసుకుంటూ రండి.

ట్రైపాడ్ మీద పెట్టగానే లెన్స్ పక్కనున్న స్టెబిలైజర్ స్విచ్ ఆఫ్ చేయండి. లేని వణుకుని వెతుక్కుంటూ అది తనే కదులుతుంది, ముఖ్యంగా ఎక్కువసేపు తెరిచి ఉంచే ఫొటోల్లో. చేత్తో తీసేటప్పుడు మళ్లీ ఆన్.

సన్నకాళ్ల ట్రైపాడ్‌తో కూడా పని జరుగుతుంది, దాని బలహీనత తెలిస్తే. పైనున్న లావు గొట్టాలు ముందు లాగండి, అడుగున ఉన్న సన్నవి తప్పదంటేనే. మధ్య కాడని అసలు లేపొద్దు. లేపిన క్షణం నుంచి అది ముక్కాలి కాదు, ఒంటికాలి. వంజంగి మీద నేల వాలుగా ఉంటుంది కాబట్టి రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి ఎత్తు వైపు. మధ్యలో కొక్కెం ఉంటే బ్యాగ్ తగిలించండి, అయితే బ్యాగ్ అడుగు నేలకి తగలాలి, గాల్లో ఊగితే మొదటికే మోసం. కెమెరా మెడ పట్టీ విప్పి జేబులో పెట్టుకోండి, గాలికి అదే తెరచాప అవుతుంది. చవక హెడ్ బిగించాక కూడా బరువుకి కొద్దిగా కిందికి జారుతుంది. ఫ్రేమ్ కాస్త పైకి పెట్టి బిగించి, రెండు మూడు సెకన్లు ఆగి, ఎక్కడ నిలబడిందో చూసి తీయండి. షటర్ వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్.

ఇక ఫోకస్. పొగమంచులో, మసక చీకట్లో ఆటోఫోకస్‌కి పట్టుకోవడానికి అంచు దొరకదు. ముందుకీ వెనక్కీ తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) భూతద్దం బటన్‌తో 10 రెట్లు పెంచి, దూరంగా ఏదైనా వీధి దీపమో కొండ అంచో చూసుకుంటూ చేత్తో ఫోకస్ చేయండి. దీపం చుక్క అన్నింటికంటే చిన్నగా కనిపించిన చోట ఆపేయాలి. మీ లెన్స్ మీద దూరం అంకెలు ఉండవు, అందుకని అందాజాగా తిప్పితే కుదరదు. ఎంఎఫ్‌కి (చేతి ఫోకస్‌కి) మార్చాక ముందున్న సన్నటి రింగ్ చేయి తగిలితే చాలు తిరిగిపోతుంది, దాని మీద చిన్న టేప్ ముక్క అంటించండి. జూమ్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ సరిచూసుకోవాలి.

ముందు గడ్డిపూలో రాయో పెట్టి వెనక కొండలు కూడా స్పష్టంగా కావాలంటే, 18 మి.మీ., ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర సుమారు 2.1 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే మీటరు చిల్లర నుంచి అనంతం దాకా సరిపోతుందని లెక్క. నేనైతే ఆ లెక్కని అంచుదాకా లాగను. దూరపు కొండలు ముఖ్యమైనప్పుడు నాలుగైదు మీటర్ల దగ్గర ఫోకస్ చేసి, ముందున్న వస్తువుని కాస్త ఎడంగా పెట్టుకుంటాను. 55 మి.మీ.లో ఇదే లెక్క 20 మీటర్లవుతుంది, కాబట్టి జూమ్ చేసినప్పుడు దగ్గరి వస్తువుల ఆశ వదిలేసి కొండల మీదే ఫోకస్ పెట్టండి.

ఎఫ్/16, ఎఫ్/22 పెడితే అంతా స్పష్టంగా వస్తుందనేది ఈ కెమెరాకి పొరపాటు సలహా. 24 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్ మీద ఎఫ్/11 దాటాక కాంతి వంగడం వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. పైగా సెన్సర్ మీద దుమ్ము చుక్కలన్నీ మంచు మీద నల్ల మచ్చలై తేలతాయి. ఎఫ్/8 ఉంచండి. సూర్యుడు కొండ అంచున నక్షత్రంలా విచ్చుకోవాలనుకున్న ఒకటి రెండు ఫ్రేములకి మాత్రం ఎఫ్/16.

నాలుగోది చాలామంది గమనించని కారణం: లెన్స్ మీద మంచు పట్టడం. ఆరుబయట తెల్లవారుజామున అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, తేమ దాని మీద చేరుతుంది. మొదట్లో తెర మీద తెలియదు, కాంట్రాస్ట్ మాత్రం పడిపోతుంది. పది నిమిషాలకోసారి టార్చ్ పక్క నుంచి వేసి అద్దం చూడండి. తీయనప్పుడు మూత పెట్టి ఉంచండి. చేతులు వెచ్చబెట్టుకునే హీట్ ప్యాక్‌లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఒకటి లెన్స్ మధ్యభాగానికి ఆనించి రబ్బర్ బ్యాండ్ వేస్తే రెండు మూడు గంటలు ఆ గొడవ ఉండదు. ఫోకస్ రింగ్ మీద మాత్రం కట్టొద్దు. ప్యాక్‌కి గాలి తగలాలి, ప్లాస్టిక్ కవరు చుడితే చల్లారిపోతుంది. తుడవాల్సి వస్తే పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి, నోటితో ఊదకండి.

---

మన్యం_బాట:

సెట్టింగులు పైవాళ్లు చెప్పారు. ఆ రోజు మబ్బుల సముద్రం ఉంటుందా లేదా అన్నది ముందు తేలాలి కదా. అది కొంతవరకు ముందురోజే తెలుస్తుంది.

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి దాదాపు ఉండకూడదు, నేలలో తేమ ఉండాలి. అప్పుడు నేల వేడి పైకి పోయి, చల్లబడ్డ గాలి లోయలోకి జారి, అక్కడే పొగమంచై నిండుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది కాబట్టి అది లేవదు, మనం పైనుంచి చూస్తాం. వాన కురిసి వెలిసి, రాత్రికి చుక్కలు కనిపించాయంటే మర్నాడు బాగుంటుందని ఆశ పెట్టుకోవచ్చు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండి ఆకాశమంతా మబ్బు పట్టిందంటే లోయ చల్లబడదు. లేదా కొండే మబ్బులో మునిగిపోతుంది, పది అడుగుల అవతల ఏమీ కనిపించదు. వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) రెండూ చూడండి. తెల్లవారుజాముకి ఆ రెండింటి మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలకి పడిపోయి, గాలి గంటకి ఐదారు కిలోమీటర్ల లోపుంటే వెళ్లండి. వీలుంటే పాడేరులో రెండు రాత్రులు పెట్టుకోండి. ఒక్క ఉదయం మీదే మొత్తం ట్రిప్ ఆధారపడితే కష్టం.

మీరు వెళ్లే వారంలో అక్కడ సూర్యోదయం ఉదయం 6:25 ప్రాంతంలో. జనమంతా ఆ సమయానికి చేరేలా ఎక్కుతారు. ఫొటో తీసేవాళ్లకి అది ఆలస్యం. ఐదున్నర దాటగానే తూర్పున వెలుగు చారలు మొదలవుతాయి, ఆరు గంటలకల్లా కొండల పొరలు విడివిడిగా తెలుస్తాయి. ఆరు నుంచి ఆరుంబావు వరకు ఉండే నీలం, గులాబీ కలిసిన వెలుగు అసలు మంచి సమయం. ఐదుంబావుకి పైన ఉండేలా చూసుకోండి. చివరి భాగం కాలినడకే, రాళ్ల దారి, చీకటి. చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి తలకి పెట్టుకునే లైట్ కొనండి, ట్రైపాడ్‌ని బ్యాగ్‌కి కట్టండి. పైకి వెళ్లాక ఆ లైటు కిందికి తిప్పుకోండి, పక్కవాళ్ల లాంగ్ ఎక్స్‌పోజర్‌లో గీతలు పడతాయి.

డిసెంబర్‌లో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి వస్తాడు. ఫోన్లో దిక్సూచి తెరిచి 115 డిగ్రీలు ఎటు చూపిస్తే అటు. ముందు వరసలో ఎవరు నిలబడ్డా ఆ దిక్కు అడ్డు రాని చోటు చీకట్లోనే చూసుకోండి. జనం నిండాక కదలడం కుదరదు.

ఆరుంబావుకి ముందు ఎఫ్/8, ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) 100 దగ్గర పది సెకన్లు అటూ ఇటూ పడుతుంది. అంతసేపట్లో మబ్బు కదిలి నునుపుగా అవుతుంది. మబ్బు అలల మడతలు కావాలంటే ఐఎస్‌ఓ 400 చేసి రెండు మూడు సెకన్లకి దించండి. రెండు రకాలూ తీసుకోండి, ఏది బాగుంటుందో అక్కడ తేలదు.

ఎండ తగిలాక మబ్బు వెంటనే పోదు. ముందు ఉబ్బుతుంది, పైకి లేస్తుంది, ఒక్కోసారి మీరున్న చోటునే కప్పేస్తుంది. చాలామంది ‘అయిపోయింది’ అని దిగిపోతారు. కూర్చోండి. అది విడిపోతూ మళ్లీ మూస్తూ ఉండే ఆ సమయంలోనే ఒక చెట్టో, ఒక శిఖరమో ఒంటరిగా బయటికి వచ్చి ఫొటోకి ఆధారం దొరుకుతుంది. 18 మి.మీ.లో అంతా తీయాలనే ఆరాటం కొంచెం తగ్గించుకోండి. వైడ్‌లో కొండలు చీమలంత అవుతాయి. 55 దగ్గర పెట్టి రెండు మూడు పొరలు మాత్రమే ఏరుకోండి. విశాఖలో లెన్సులు అద్దెకిచ్చేవాళ్లు దొరికితే 55-250 ఒక రెండు రోజులకి తీసుకోండి, ఈ ట్రిప్‌కి కొత్త ఫిల్టర్ కంటే అది పదింతలు ఉపయోగం.

మొత్తం వెడల్పు కావాలంటే పనోరమా. కెమెరా నిలువుగా తిప్పి, 35 మి.మీ. దగ్గర, ఎమ్ మోడ్‌లో (అన్నీ మనమే పెట్టేది) ఒకే ఎక్స్‌పోజర్, ఒకే ఫోకస్ పెట్టి, ఒక్కో ఫ్రేము ముందుదానితో మూడోవంతు కలిసేలా ఆరేడు తీయండి. ఏవీ మోడ్‌లో తీస్తే సూర్యుడి వైపు ఫ్రేము నల్లగా, అవతలిది తెల్లగా వచ్చి అతుకులు కనిపిస్తాయి. మబ్బు కదులుతుంది కాబట్టి తొందరగా ముగించాలి.

ఇంకొక్క మాట. అరకు దారిలో వలిసె పూలు మిగిలి ఉంటే పసుపు చేలు కనిపిస్తాయి. అవి నూనె గింజల పంట, ఒక కుటుంబం ఏడాది కష్టం. గట్టు మీద నుంచి తీయండి. లోపలికి దిగాలంటే అక్కడున్న రైతుని అడగండి, ‘వద్దు’ అంటే ఆ మాట మన్నించండి. మనుషుల ఫొటోలకీ అదే పద్ధతి: ముందు పలకరింపు, తర్వాత కెమెరా.

---

పొరలు_పొరలు:

తెల్లారి_వెలుగు గారు చెప్పిన ఏఈబీతో కొంచెం విభేదిస్తాను. మబ్బు కదులుతున్నప్పుడు మూడు ఫ్రేముల్నీ ఆటో హెచ్‌డీఆర్‌లో (సాఫ్ట్‌వేరే వాటిని ఒక్కటిగా చేసే పద్ధతి) కలిపితే మబ్బు అంచులు రెండేసి నీడలుగా వస్తాయి, సూర్యుడి చుట్టూ బూడిద రంగు వలయం పడుతుంది. మూడూ తీయండి, కలపడం మాత్రం చేత్తో చేయండి. ఆకాశం తక్కువ వెలుగు ఫ్రేమ్ నుంచి, కింది లోయ మామూలు ఫ్రేమ్ నుంచి తీసుకుని, కొండల గీత వెంట మెత్తటి మాస్క్ (ఏ భాగం కనిపించాలో చెప్పే పొర) వేస్తే సరిపోతుంది. మూడోది చాలాసార్లు అవసరమే పడదు.

లేదంటే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ, అంటే పైసగం మాత్రమే నల్లగా ఉండి ఆకాశం వెలుగు తగ్గించే ఫిల్టర్. 100 మి.మీ. పలక, మూడు స్టాపులది, సాఫ్ట్ రకం. కొండల గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి హార్డ్ రకం పెడితే శిఖరాలు నల్లబడతాయి. హోల్డర్ కొనకపోయినా పలకని లెన్స్‌కి ఆనించి వేళ్లతో పట్టుకుని తీయొచ్చు. స్క్రూతో బిగించే గుండ్రటి గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ మాత్రం మీ లెన్స్‌కి కొనకండి. చీలిక గీత ఎప్పుడూ ఫ్రేమ్ మధ్యలోనే ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, 18-55 ఐఎస్ 2లో ఫోకస్ చేస్తుంటే ముందు భాగం మొత్తం తిరుగుతుంది, ఫిల్టర్ కూడా దాంతోపాటే తిరిగి చీకటి భాగం పక్కకి వచ్చేస్తుంది.

ఇదే తిరుగుడు మీ పోలరైజర్‌కీ వర్తిస్తుంది. ముందు ఫోకస్ చేయండి, ఎంఎఫ్‌కి మార్చండి, ఎడమ చేతి వేళ్లతో లెన్స్ ముందు రింగ్ గట్టిగా పట్టుకుని కుడిచేత్తో పోలరైజర్ తిప్పండి. పట్టుకోకుండా తిప్పితే ఫోకస్ కూడా తిరిగిపోతుంది. వంజంగిలో సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు పోలరైజర్ వల్ల లాభం లేదు, ఒకటిన్నర రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది, ఎదురెండకి అదనపు మెరుపు మచ్చలు తెస్తుంది. తీసి డబ్బాలో పెట్టండి.

---

కొత్త_లెన్స్:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. లెన్స్ ముందు భాగం తిరుగుతుందన్నది ఇప్పుడు పట్టుకుని చూశాను, నిజమే. రెండు సందేహాలు మిగిలాయి. కటికి, బొర్రా, రైలు ఈ మూడింటికి సెట్టింగులు ఎలా? మా వాళ్ల ఫోన్లతో మబ్బులు బాగా రావాలంటే ఏం చేయాలి?

---

సొరంగం_దాటాక:

రైలుతో మొదలుపెడతాను. కొత్తవలస, కిరండూల్ లైను ఘాట్ అంతా సొరంగాలే, చీకటీ వెలుగూ మారుతూనే ఉంటాయి. ఏవీ మోడ్‌లో ఉంటే సొరంగం బయటికి రాగానే మొదటి ఫ్రేము కాలిపోతుంది. ఎమ్ మోడ్ పెట్టండి. బయట ఎండ ఉన్నప్పుడు ఎఫ్/5.6, 1/800, ఐఎస్‌ఓ 200తో మొదలుపెట్టి హిస్టోగ్రామ్ చూసి సరిచేసుకోండి. పట్టాల పక్క చెట్లు ఎంత వేగంగా తీసినా సాగుతాయి, వాటిని వదిలేసి లోయకి అవతలున్న కొండల్ని ఎంచుకోండి. ఆటోఫోకస్ అద్దం మీది మరకల్ని పట్టుకుంటుంది. ఒకసారి దూరపు కొండ మీద ఫోకస్ చేసి ఎంఎఫ్‌కి మార్చేయండి.

పెద్ద అద్దాలతో వచ్చే పెద్ద చిక్కు ప్రతిబింబాలు. మీ తెల్ల చొక్కా, ఎదుటి సీటువాళ్ల ఫోను తెర, పైన దీపాలు అన్నీ ఫొటోలో తేలతాయి. నల్ల టీషర్టు ఒకటి లెన్స్ చుట్టూ కప్పి, దాని అంచు అద్దానికి ఆనించండి. మడిచే రబ్బర్ హుడ్ 58 మి.మీ.ది ఉంటే ఇంకా మేలు, అద్దానికి అతుక్కుంటుంది, వణుకునీ కొంత మింగుతుంది. లెన్స్ గట్టి అంచుని నేరుగా అద్దానికి ఆనిస్తే రైలు వణుకంతా కెమెరాలోకి వస్తుంది. అద్దం లోపలి వైపు ఎక్కగానే తుడుచుకోండి. తలుపు దగ్గర వేలాడుతూ తీయడం మాత్రం వద్దు, ఘాట్‌లో సొరంగం గోడ చేతికందే దూరంలోకి వచ్చేస్తుంది.

కటికి దగ్గర పోలరైజర్‌కి పని దొరుకుతుంది. తడి రాళ్ల మీద, ఆకుల మీద తెల్లటి మెరుపు తీసేస్తుంది. అక్కడ దాని అసలు లాభం అది. నీడ పడ్డ సమయంలో ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, పోలరైజర్ కలిపితే సుమారు 1/4 సెకను వస్తుంది. నీటి ధార మెత్తగా సాగడానికి అది చాలు, వేరే ఎన్‌డీ అక్కర్లేదు. సెకను దాటించకండి, నీటి గీతలు పోయి తెల్ల గుడ్డ పరిచినట్టు అవుతుంది. ఎండ నేరుగా పడితే నీళ్లు కాలిపోతాయి, మబ్బు అడ్డొచ్చేదాకా ఆగండి. తుంపర చుక్కలు ఒక్కో ఫ్రేముకీ అద్దం మీద పడతాయి కాబట్టి గుడ్డ చేతిలోనే ఉంచుకోవాలి.

బొర్రాలో ట్రైపాడ్‌కి అనుమతి ఉందో లేదో టికెట్ కౌంటర్ దగ్గరే అడగండి. ఉన్నా జనం ఉన్న మెట్ల దారిలో అడ్డం పెట్టకూడదు. చేత్తో అయితే స్టెబిలైజర్ ఆన్, 18 మి.మీ., ఎఫ్/3.5, ఐఎస్‌ఓ 1600, షటర్ 1/10 దాకా. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, లేదా రెయిలింగ్‌కి ఒరిగి, ఒక్కో దృశ్యం నాలుగైదు వరసగా తీస్తే ఒకటైనా కదలకుండా వస్తుంది. రంగు దీపాలున్నచోట ఎరుపు ఒక్కటే కాలిపోయి రాతి గరుకు మొత్తం పోతుంది. మామూలు హిస్టోగ్రామ్ బాగుందనే చెబుతుంది, ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూస్తే తెలుస్తుంది. అక్కడ -0.7 లేదా -1. సున్నపురాయి అసలు రంగు కావాలంటే పైనున్న రంధ్రాల నుంచి పగటి వెలుగు పడే చోట్లు వెతకండి. ఫ్లాష్ వేస్తే ముందున్న స్తంభం తెల్లగా, వెనక గుహ చీకటిగా వస్తుంది. గుహ ఎంత పెద్దదో తెలియాలంటే ఫ్రేములో ఒక మనిషి ఉండాలి, మీ స్నేహితుల్లో ఒకర్ని మెట్ల మీద కదలకుండా నిలబెట్టండి. పైకప్పు నుంచి వేలాడే స్టలక్టైట్ రాళ్లని ముట్టుకోవద్దని కూడా వాళ్లకి చెప్పండి, చేతి జిడ్డు అంటితే అక్కడ పెరుగుదల ఆగిపోతుంది.

---

జేబులో_కెమెరా:

ఫోన్ల సంగతి నేను చెబుతాను. ముందు అద్దం తుడవండి. జేబు జిడ్డు ఉంటే సూర్యుడి చుట్టూ పొడవాటి చారలు వస్తాయి, సగం ఫోన్ ఫొటోలు పాడయ్యేది అక్కడే.

తెర మీద మబ్బు పైన వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి లాగండి. ఫోన్ హెచ్‌డీఆర్ నీడల్ని మరీ లేపి కొండల పొరల్ని చదును చేసేస్తుంది. వెనక పొర పాలిపోయి, ముందు పొర చిక్కగా ఉంటేనే లోతు తెలుస్తుంది. ప్రో మోడ్ ఉంటే అందులో రా ఆన్ చేసి, ఐఎస్‌ఓ అది ఇచ్చే అతి తక్కువ అంకె మీద ఉంచి తీయండి. 0.5 లేదా 0.6 లెన్స్ చీకట్లో వాడొద్దు, దాని సెన్సర్ చాలా ఫోన్లలో చిన్నది, అంచులు చెదిరిపోతాయి. మబ్బుల పొరలకి విడిగా టెలీ లెన్స్ ఉంటే 2 లేదా 3 రెట్ల దగ్గర ఆగండి. ఆపైన డిజిటల్ జూమ్ చేసే బదులు తర్వాత కత్తిరించుకోవడం నయం. ఆరు గంటల ముందు నైట్ మోడ్‌లో ఫోన్‌ని రాయి మీదో, క్లాంప్‌తో ట్రైపాడ్ మీదో కదలకుండా పెడితే అదే ఎక్కువసేపు తెరిచి తీసుకుంటుంది. చేతిలో ఉంటే తక్కువసేపే తెరుస్తుంది.

---

తెల్లారి_వెలుగు:

పొరలు_పొరలు గారి మాట సరైనదే, మబ్బు కదిలేటప్పుడు ఆటో కలపడం కంటే మాస్క్ మేలు. మంచులో గాలి నిలకడగా ఉన్న రోజు మాత్రం ఆటో కూడా పనిచేస్తుంది.

ఎడిటింగ్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి కలుపుతున్నాను. డబ్బులు పెట్టక్కర్లేదు, డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మంచు ఫొటోకి డీహేజ్ (పొగమంచు తగ్గించే సర్దుబాటు) పెంచాలనిపిస్తుంది, పెంచితే మంచే పోతుంది, నీలం మచ్చలు మిగులుతాయి. ముందు తెలుపు స్థాయిని పైకి జరపండి, తర్వాత నలుపు స్థాయిని ముందు పొర చెట్లు చిక్కబడేదాకా కొంచెం దించండి. అక్కడితో చాలా ఫొటోలు పూర్తవుతాయి. వెనక కొండల్లో నలుపు రానివ్వకండి. దుమ్ము చుక్కలు చెరిపేందుకు ఒకసారి వంద శాతం పెద్దది చేసి మూలమూలా చూడండి.

బ్యాటరీ రెండోది తప్పక ఉండాలి, లైవ్ వ్యూలో ఇది మామూలు కంటే సగం ఫొటోలకే అయిపోతుంది. స్పేర్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉంచుకోండి. కొండ దిగి వెచ్చటి కారులోకో గదిలోకో వెళ్లే ముందు, బయట చలిలోనే కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. లోపలికి వెళ్లాక ఓ అరగంట, నలభై నిమిషాలు ఆగి తీయండి. వెంటనే తీస్తే తేమ లెన్స్ లోపలి అద్దాల మీద కూడా పడుతుంది, గుడ్డతో తుడిచేందుకు అందదు. ఫొటోలు చూడాలన్న ఆత్రం ఉంటే కార్డు మాత్రం బయట ఉండగానే తీసి జేబులో వేసుకోండి.